విమానాశ్రయాలలో స్వయంచాలక పాస్‌పోర్టు తనిఖీ: వైఫల్యాల చరిత్ర (2007-2024)

వ్యాససంగ్రహం

విమానాశ్రయాలలో పాస్‌పోర్టు తనిఖీని యంత్రాలకు అప్పగించే ప్రక్రియ గత మూడు దశాబ్దాలలో విస్తరించింది. ఆ యంత్రాలు ఆగిపోయిన సందర్భాలను సాధారణంగా సాంకేతిక లోపాలుగా పేర్కొని వదిలివేయడం పరిపాటి. అమెరికా, బ్రిటన్‌లలో 2007-2024 మధ్య జరిగిన ప్రధాన వైఫల్యాలను వరుసలో పరిశీలించి, వాటి మూలం యంత్రం చెడిపోవడంలో కంటె అంతకు ముందే జరిగిన పరిపాలనా నిర్ణయాలలో ఉన్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. యంత్రం ఆగినప్పుడు ద్వారం తెరవాలా, మూయాలా అన్న ప్రశ్నకు ప్రభుత్వాలు ఇచ్చిన సమాధానాలను, ఆ సమాధానాల భారం ఎవరిపై పడిందన్న విషయాన్ని చర్చిస్తుంది. హైదరాబాదు విమానాశ్రయంలో ఇటీవల మొదలైన స్వయంచాలక ద్వారాల సందర్భంలో ఈ చరిత్రకు గల ప్రాసంగికతను సూచిస్తుంది.

కీలకపదాలు: పాస్‌పోర్టు, ఈ-గేట్లు, సరిహద్దు తనిఖీ, ముఖగుర్తింపు, హెచ్చరికల సూచీ, వలస, హీత్రో, లాస్ ఏంజిలిస్, శంషాబాద్.

1. ఉపోద్ఘాతం

2024 మే 7, మంగళవారం రాత్రి 7 గంటల 44 నిమిషాలకు బ్రిటన్ సరిహద్దు వ్యవస్థలో అంతరాయం ఏర్పడినట్లు ఆ దేశ హోమ్ శాఖ దృష్టికి వచ్చింది. దేశంలోని 15 విమానాశ్రయ, రైలు ప్రవేశస్థానాలలో ఉన్న 270కి పైగా ఈ-గేట్లు ఒకేసారి పనిచేయడం మానివేశాయి. హీత్రో, గాట్విక్, స్టాన్‌స్టెడ్, మాంచెస్టర్, ఎడిన్‌బరో విమానాశ్రయాలలో దిగిన ప్రయాణికులు నడవాలలో, మెట్లమీద బారులు తీరారు. నాలుగు గంటలకు పైగా గడిచి, అర్ధరాత్రి దాటిన తరువాతగాని ద్వారాలు తిరిగి పనిచేయలేదు.

మరుసటి రోజు హోమ్ శాఖ ఇచ్చిన వివరణలో మూడు అంశాలున్నాయి. మొదటిది, ఇది నెట్‌వర్క్ సమస్య. రెండవది, దురుద్దేశంతో జరిగిన సైబర్ దాడి సూచనలేవీ లేవు. మూడవది, సరిహద్దు భద్రతకు ఏ దశలోనూ భంగం కలగలేదు. ఈ మూడవ అంశమే చరిత్రకారుని దృష్టిని ఆకర్షించవలసినది. ద్వారాలన్నీ మూతపడినా భద్రతకు భంగం కలగకపోవడానికి కారణం, తనిఖీ పూర్తికాని వారెవరూ లోపలికి రాకపోవడమే. అంటే భద్రత నిలిచింది, దాని మూల్యాన్ని ప్రయాణికులు తమ కాలంతో చెల్లించారు. ఈ మూల్యాన్ని ఎవరు చెల్లించాలన్నది ఆ రాత్రి తేలిన విషయం కాదు. అంతకు ఎన్నో ఏళ్ళ ముందే తేలిపోయింది. అది ఎలా తేలిందో తెలుసుకోవాలంటే పాస్‌పోర్టు యంత్రం చదివే పత్రంగా మారిన క్రమాన్ని మొదట పరిశీలించాలి.

2. అధికారి కన్ను నుంచి యంత్రం కన్నుకు

మొదటి ప్రపంచయుద్ధం తరువాత 1920లో నానాజాతి సమితి ఆధ్వర్యంలో పారిస్‌లో జరిగిన సమావేశం పాస్‌పోర్టుకు ఒక ఉమ్మడి పుస్తకరూపాన్ని సూచించింది. ఆ తరువాత సుమారు అర్ధశతాబ్దం పాటు పాస్‌పోర్టును చదివినది మనిషే. అధికారి ఫోటోను, ఎదుట ఉన్న ముఖాన్ని పోల్చేవాడు, ప్రశ్నలు అడిగేవాడు, ముద్ర వేసేవాడు. అతని తీర్పులో పొరపాట్లు, పక్షపాతాలు ఉండేవి. కాని ఒక అధికారి అస్వస్థుడైతే దేశంలోని అధికారులందరూ అదే క్షణంలో అస్వస్థులయ్యేవారు కారు.

1980లో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ యంత్రపఠనీయ పాస్‌పోర్టు ప్రమాణాన్ని 9303 సంఖ్య గల పత్రంగా ప్రచురించింది. పాస్‌పోర్టు వివరాల పుట అడుగున కనిపించే రెండు పంక్తులు, పంక్తికి 44 అక్షరస్థానాల చొప్పున, ఈ ప్రమాణం నుంచి వచ్చినవే. వాటిలో పాస్‌పోర్టు సంఖ్య, పుట్టినతేదీ, గడువుతేదీల పక్కన ఒక్కొక్క తనిఖీ అంకె ఉంటుంది. ఆయా అంకెలను 7, 3, 1 చొప్పున వరుసగా హెచ్చవేసి కూడగా వచ్చిన మొత్తాన్ని పదితో భాగించినప్పుడు మిగిలే శేషమే ఆ తనిఖీ అంకె. చదవడంలో తప్పు జరిగితే యంత్రం దానిని ఈ అంకె ద్వారా పట్టుకోగలదు.

ఈ మార్పు అన్ని దేశాలకు ఒకేసారి రాలేదు. భారతదేశంలో చేతితో రాసిన పాస్‌పోర్టులు 2001 వరకు జారీ అయ్యాయి. వాటిలో కొన్నింటికి ఇరవై ఏళ్ళ గడువు ఉండేది. యంత్రం చదవలేని పాస్‌పోర్టుల వాడుకకు అంతర్జాతీయ సంస్థ 2015 నవంబరు 24ను ఆఖరి తేదీగా నిర్ణయించడంతో, గడువు మిగిలి ఉన్నా వాటిని మార్చుకోవలసిన అవసరం ఏర్పడింది.

తరువాతి దశ చిప్. మలేసియా 1998లోనే చిప్ గల పాస్‌పోర్టును జారీ చేసింది. 2003లో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ముఖచిత్రాన్ని అన్ని దేశాలకు ఉమ్మడి జీవసూచికగా ఎంచుకున్నది. నేటి ఈ-గేటు చేసే పని ఈ పునాదిమీద నిలిచినదే. ద్వారం మొదట రెండు పంక్తులను చదువుతుంది. వాటి నుంచి లభించిన సమాచారంతో చిప్‌ను తెరుస్తుంది. చిప్‌లోని వివరాలపై జారీచేసిన దేశపు అంకీయ సంతకం సరియైనదో కాదో చూస్తుంది. చిప్‌లోని ఫోటోను కెమెరా ఎదుట నిలిచిన ముఖంతో పోలుస్తుంది. చివరగా ఆ పేరు ప్రభుత్వం నిర్వహించే హెచ్చరికల జాబితాలో ఉన్నదా అని కేంద్ర సమాచారనిధిని అడుగుతుంది.

ఈ పనులలో చివరిదానికి ఒక ప్రత్యేకత ఉంది. మిగిలినవి ద్వారం వద్దనే జరిగేటట్లు ఏర్పరచుకోవచ్చు. చివరిది మాత్రం దూరాన ఉన్న కంప్యూటర్‌తో సంబంధం లేకుండా జరగదు. పైగా ఆ ప్రశ్నను ఈ-గేటు మాత్రమే కాక, బల్ల వెనుక కూర్చున్న అధికారి కూడా అదే కేంద్రాన్ని అడగవలసి ఉంటుంది. యంత్రానికి మనిషి ప్రత్యామ్నాయమన్న నమ్మకం ఈ చోట బలహీనపడుతుంది. ఇద్దరూ ఒకే బావి నీరు తోడుకునేవారే. బావి ఎండితే ఇద్దరి కడవలూ ఖాళీయే.

3. స్వచ్ఛంద ప్రయోగాల దశ

తొలి స్వయంచాలక ప్రయోగాలు నమోదు చేసుకున్న కొద్దిమందికే పరిమితమయ్యాయి. అమెరికా 1993లో ఇన్స్‌పాస్ పేరిట న్యూయార్క్ ప్రాంత విమానాశ్రయాలలో అరచేతి ఆకృతిని కొలిచే యంత్రాలను ప్రవేశపెట్టింది. తరచు ప్రయాణించేవారు ముందుగా నమోదు చేసుకొని వాటిని ఉపయోగించేవారు. బ్రిటన్ 2000 దశకం మధ్యలో కంటి ఐరిస్ ఆధారంగా పనిచేసే వ్యవస్థను హీత్రో తదితర విమానాశ్రయాలలో నెలకొల్పింది. కొన్ని సందర్భాలలో సాధారణ వరుస కంటె ఈ యంత్రమే ఎక్కువ సమయం తీసుకుంటున్నదన్న విమర్శ వచ్చింది. 2012లో మాంచెస్టర్, బర్మింగ్‌హామ్‌లలోను, 2013లో మిగిలినచోట్లను దానిని మూసివేశారు.

ఈ ప్రయోగాలు ఆగిపోయినా విమానాశ్రయం స్తంభించలేదు. వాటిని వాడేవారు తక్కువ, వాటి పక్కన పూర్తిస్థాయి సిబ్బంది ఉండేవారు. 2008 ఆగస్టులో మాంచెస్టర్ విమానాశ్రయంలో ఈ-పాస్‌పోర్టు ద్వారాల ప్రయోగం మొదలవడంతో పరిస్థితి మారింది. వీటికి ముందస్తు నమోదు అక్కరలేదు. చిప్ గల పాస్‌పోర్టు, అర్హతగల జాతీయత ఉంటే చాలు. కొద్దిమందికి సౌకర్యంగా మొదలైనది అధికసంఖ్యాకులకు ప్రధానమార్గంగా పరిణమించింది. యంత్రం ఆగితే కలిగే నష్టపు పరిమాణం ఇక్కడే మారింది.

4. లాస్ ఏంజిలిస్, 2007: ఒక్క కార్డు

అప్పటికి ఒక ఏడాది ముందే అమెరికాలో జరిగిన ఒక సంఘటన రాబోయే ప్రమాదాన్ని సూచించింది. 2007 ఆగస్టు 11, శనివారం మధ్యాహ్నం లాస్ ఏంజిలిస్ అంతర్జాతీయ విమానాశ్రయంలో కస్టమ్స్, సరిహద్దు రక్షణ సంస్థ కంప్యూటర్లకు కేంద్ర సమాచారనిధితో సంబంధం తెగిపోయింది. సుమారు పదిగంటల పాటు ఆ స్థితి కొనసాగింది. 17,000 మందికి పైగా ప్రయాణికులు చిక్కుకుపోయారు. తనిఖీ ప్రాంగణం నిండిపోవడంతో చాలామంది దిగిన విమానంలోనే గంటల తరబడి కూర్చోవలసి వచ్చింది.

సంస్థ మొదట బయటి టెలిఫోన్ లైన్లను అనుమానించింది. వాటిని పరీక్షించడంలో గంటలు గడిచాయి. చివరకు తేలిన కారణం విమానాశ్రయం లోపలే ఉంది. ఒక సాధారణ డెస్క్‌టాప్ కంప్యూటర్‌లోని నెట్‌వర్క్ కార్డు చెడిపోయి, ఆ లోపం స్థానిక నెట్‌వర్క్ అంతటికీ పాకింది.

ఈ సంఘటనలో ఈ-గేట్లు లేవు. పాస్‌పోర్టులు చదివే పరికరాలు పాడవలేదు. అధికారులు తమ బల్లల వద్దనే ఉన్నారు. ఐనా తనిఖీ సాగలేదు. 2001 సెప్టెంబరు దాడుల తరువాత అమెరికాలో ప్రతి ప్రయాణికుని పేరును సమాచారనిధితో సరిచూడడం తప్పనిసరి అయింది. 2004 జనవరి 5 నుంచి విదేశీయుల వేలిముద్రలు, ఫోటోలు సేకరించే పద్ధతి కూడా అమలులోకి వచ్చింది. సమాచారనిధి పలకనప్పుడు అధికారి తన విచక్షణతో ఎవరినీ పంపే వీలు చాలావరకు తగ్గిపోయింది. అతడు యంత్రానికి ప్రత్యామ్నాయంగా కాక, యంత్రంలో ఒక భాగంగా మారాడు.

ఇక్కడ రెండురకాల వైఫల్యాలను వేరుచేసి చూడడం అవసరం. వ్యవస్థ ఆగినప్పుడు ద్వారం మూసి ఉంచడం ఒక పద్ధతి. దీనిని ‘మూసుకునే వైఫల్యం’ అనవచ్చు. తనిఖీని సడలించి జనాన్ని పంపివేయడం మరొక పద్ధతి. అది ‘తెరుచుకునే వైఫల్యం’. లాస్ ఏంజిలిస్ మొదటిదానికి ఉదాహరణ. రెండవదానికి ఉదాహరణ నాలుగేళ్ళ తరువాత బ్రిటన్‌లో కనిపించింది.

5. బ్రిటన్, 2003-2012: సడలింపుకు శిక్ష

బ్రిటన్ ప్రభుత్వం 2003లో ఈ-బోర్డర్స్ అనే బృహత్ పథకాన్ని ప్రారంభించింది. దేశంలోకి వచ్చే, దేశం నుంచి వెళ్ళే ప్రతి ప్రయాణికుని వివరాలను ముందుగానే సేకరించి పరిశీలించడం దాని లక్ష్యం. 2007లో రేథియాన్ సంస్థ నాయకత్వంలోని బృందానికి ఇచ్చిన ఒప్పందాన్ని ప్రభుత్వం 2010 జూలైలో రద్దు చేసింది. ఆ వివాదం మధ్యవర్తిత్వానికి, న్యాయస్థానానికి వెళ్ళి 2015లో 15 కోట్ల పౌండ్ల పరిష్కారంతో ముగిసింది. 2003-2015 మధ్య ఈ పథకానికి, దాని వారస పథకాలకు కనీసం 83 కోట్ల పౌండ్లు ఖర్చయినట్లు బ్రిటన్ జాతీయ ఆడిట్ కార్యాలయం 2015 డిసెంబరులో నివేదించింది. ఇంత ఖర్చు తరువాత కూడా సరిహద్దు అధికారులు ఆధారపడినది 1990లలో నిర్మించిన హెచ్చరికల సూచీ మీదనే.

పాత వ్యవస్థ, పెరుగుతున్న ప్రయాణికులు, తగ్గుతున్న సిబ్బంది ఉన్నచోట వరుస పొడవు పెరగక తప్పదు. హీత్రోలో అధికారులు అనుసరించిన ఉపాయం కొన్ని తనిఖీలను తాత్కాలికంగా నిలిపివేయడం. రద్దీవల్ల ప్రయాణికుల ఆరోగ్యానికి, భద్రతకు ముప్పు ఏర్పడితే హెచ్చరికల సూచీ తనిఖీని సడలించే వీలు 2007 నాటి మార్గదర్శకాలలోనే ఉంది. 2011 వేసవిలో హోమ్ మంత్రి థెరెసా మే పరిమితమైన సడలింపులతో ఒక ప్రయోగానికి అనుమతించారు. ఆ హద్దును దాటి, వీసాదారుల వేలిముద్రల తనిఖీని కూడా నిలిపివేశారన్న ఆరోపణపై సరిహద్దు దళాధిపతి బ్రాడీ క్లార్క్‌ను 2011 నవంబరులో విధుల నుంచి తప్పించారు. ఆయన రాజీనామా చేసి, పార్లమెంటు కమిటీ ముందు తన చర్యలను సమర్థించుకున్నారు. 2012లో ఆ వివాదం ఎవరి బాధ్యతను నిర్ధారించకుండానే పరిహారంతో ముగిసింది.

స్వతంత్ర తనిఖీ అధికారి జాన్ వైన్ 2012 ఫిబ్రవరిలో సమర్పించిన నివేదిక ఈ ఉదంతానికి విస్తృత నేపథ్యాన్ని ఇచ్చింది. 2010 జూన్ నుంచి 2011 నవంబరు వరకు హీత్రోలో వేలిముద్రల తనిఖీని 463 మార్లు నిలిపివేసినట్లు అందులో తేలింది. ఉత్తర్వుల భాష అస్పష్టంగా ఉండడం, పర్యవేక్షణ కొరవడడం నివేదిక ఎత్తిచూపిన ప్రధాన లోపాలు. ఆ మార్చిలో సరిహద్దు దళాన్ని వలసనియంత్రణ సంస్థ నుంచి వేరుచేశారు.

వేలిముద్రల తనిఖీ వీసా అవసరమైన దేశాలవారికి సంబంధించినది. భారతీయులు ఆ వర్గంలోకే వస్తారు. తనిఖీ నిలిపివేసిన ప్రతిసారీ వరుస కదిలినది అటువంటి ప్రయాణికులకే. సడలింపు వివాదాస్పదమైన తరువాత వచ్చిన 2012 వసంతంలో హీత్రో వరుసలు మళ్ళీ పెరిగి, ఒలింపిక్స్ ముందు పార్లమెంటులో చర్చనీయాంశమయ్యాయి. అప్పటి ప్రమాణం ప్రకారం ఐరోపా ప్రయాణికులలో 95 శాతం మందిని 25 నిమిషాలలో, ఇతరులలో 95 శాతం మందిని 45 నిమిషాలలో పంపాలి. ఒకే విమానం దిగిన ఇద్దరి కాలానికి ప్రభుత్వం కట్టిన విలువలు వేర్వేరు. నిరీక్షణ జాతీయతను బట్టి పంపిణీ అయ్యే వస్తువన్న సంగతి ఇక్కడ అంకెలలో వ్యక్తమయింది.

ఈ ఉదంతం నుంచి పరిపాలనాయంత్రాంగం నేర్చుకున్న పాఠం స్పష్టం. ద్వారం తెరిచిన అధికారి పదవి పోగొట్టుకోవచ్చు. ద్వారం మూసి ఉంచిన అధికారికి ఆ ప్రమాదం లేదు. ఆనాటి నుంచి మూసుకునే వైఫల్యమే సురక్షితమైన వైఫల్యంగా స్థిరపడింది.

6. అమెరికా, 2017: పరీక్షించని భారం

2017 జనవరి 2, క్రిస్మస్, నూతన సంవత్సర సెలవులు ముగిసి ప్రయాణికులు తిరిగివచ్చే రోజు. ఆ సాయంకాలం అమెరికా విమానాశ్రయాలలో ప్రయాణికుల పరిశీలనకు ఉపయోగించే కేంద్ర వ్యవస్థ దాదాపు నాలుగు గంటలు స్తంభించింది. దేశవ్యాప్తంగా 1,19,000 మందికి పైగా అంతర్జాతీయ ప్రయాణికులపై ప్రభావం పడింది. హోమ్‌లాండ్ భద్రతాశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం అదే ఏడాది నవంబరులో విడుదల చేసిన నివేదిక కారణాలను విశ్లేషించింది. సాఫ్ట్‌వేర్‌లో చేసిన మార్పులు రద్దీభారాన్ని తట్టుకోగలవో లేవో తగినంతగా పరీక్షించలేదు. వ్యవస్థ స్థితిని కనిపెట్టే ఏర్పాట్లు చాలలేదు. అంతరాయం కలిగినప్పుడు పని కొనసాగించే పద్ధతులు బలహీనంగా ఉన్నాయి.

పదేళ్ళ ఎడంలో జరిగిన రెండు అమెరికన్ సంఘటనలను పక్కపక్కన పెట్టి చూస్తే తేడా, పోలిక రెండూ కనిపిస్తాయి. 2007లో లోపం ఒక కార్డులో పుట్టి ఒక విమానాశ్రయానికి పరిమితమైంది. 2017లో లోపం కేంద్రంలో పుట్టి దేశమంతటా వ్యాపించింది. ఏకీకరణ పెరిగినకొద్దీ వైఫల్యపు విస్తృతి పెరిగింది. ఐతే రెండు సందర్భాలలోను, కేంద్రం పలకనప్పుడు స్థానికంగా ఏమి చేయాలన్న ప్రశ్నకు సిద్ధమైన సమాధానం లేదు.

7. బ్రిటన్, 2019-2024: తిరిగి తిరిగి వచ్చిన రాత్రి

2019 మే 20న బ్రిటన్ అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, జపాన్, సింగపూర్, దక్షిణ కొరియా పౌరులకు ఈ-గేట్ల ప్రవేశం కల్పించింది. అదే రోజున ఐరోపాయేతర ప్రయాణికులు నింపవలసిన ల్యాండింగ్ కార్డును రద్దు చేసింది. తరాల తరబడి భారతీయ విద్యార్థులు, ఉద్యోగులు, వారిని చూడవచ్చిన తల్లిదండ్రులు విమానంలో కూర్చొని నింపిన కాగితం అది. ఒకే రోజున యంత్రం పరిధి విస్తరించింది, కాగితపు జాడ అంతరించింది.

ఆ వెనుక పనిచేసే వ్యవస్థ మాత్రం మార్పుదశలోనే ఉంది. ఈ-బోర్డర్స్ స్థానంలో 2014లో మొదలైన కొత్త పథకం నిర్దేశిత గడువుకు మూడేళ్ళు వెనుకబడినట్లు జాతీయ ఆడిట్ కార్యాలయం 2020 డిసెంబరులో నివేదించింది. 2021 సెప్టెంబరు, అక్టోబరు నెలలలో రెండు మార్లు ఈ-గేట్లు దేశంలోని పలు విమానాశ్రయాలలో ఆగిపోయాయి. 2023 మే చివరివారంలో, బ్యాంకు సెలవు కలిసివచ్చిన వారాంతంలో, శుక్రవారం రాత్రి మొదలైన అంతరాయం శనివారం సాయంకాలం వరకు కొనసాగింది. ఏడాది తిరగకముందే 2024 మే 7 నాటి వైఫల్యం సంభవించింది.

వీటి మధ్యలో మరొక సంఘటన ఉంది. 2022 డిసెంబరు చివరలో సరిహద్దు సిబ్బంది సమ్మె చేసినప్పుడు ప్రభుత్వం హీత్రో, గాట్విక్, బర్మింగ్‌హామ్, మాంచెస్టర్ తదితర చోట్ల సైనికులను పాస్‌పోర్టు బల్లల వద్ద నియమించింది. భయపడినంత స్తంభన జరగలేదు. యంత్రం పనిచేస్తున్నంతకాలం మనిషి లేకపోయినా గడుస్తుందన్న అభిప్రాయానికి ఇది బలమిచ్చింది. మనుషులు లేనప్పుడు యంత్రాలు ఆదుకున్నాయి. ఐదు నెలల తరువాత యంత్రాలు లేనప్పుడు మనుషులు ఆదుకోవలసి వచ్చేసరికి తెరిచిన బల్లలు చాలలేదు. యంత్రం వల్ల ఆదా అయిన సిబ్బందే, యంత్రం ఆగిన రాత్రి కావలసిన సిబ్బంది.

భారతీయ పాస్‌పోర్టుదారులు ఈ ద్వారాలకు అర్హులు కారు. కనుక ద్వారాలు ఆగిపోవడం వారికి సంబంధించని విషయమని భావించడం పొరపాటు. ద్వారాల వద్ద ఆగిన వేలాదిమంది చేరేది అధికారుల బల్లల వద్దకే. యంత్రం పనిచేసినప్పుడు దాని లాభం పొందనివారు, అది పనిచేయనప్పుడు దాని నష్టంలో భాగస్వాములవుతారు.

8. ఆగకుండానే విఫలమయ్యే యంత్రం

ఇంతవరకు చర్చించినవి వార్తలకెక్కిన వైఫల్యాలు. వ్యవస్థ సక్రమంగా నడుస్తున్నప్పుడే ఒక్కొక్క వ్యక్తి విషయంలో జరిగే పొరపాట్లు మరొక తరగతికి చెందుతాయి. ముఖాలను పోల్చే యంత్రం రెండు రకాలుగా తప్పు చేయవచ్చు. అసలు వ్యక్తిని కాదనవచ్చు, కానివ్యక్తిని ఔననవచ్చు. మొదటి తప్పు ప్రయాణికునికి వెంటనే తెలుస్తుంది. రెండవది ఎవరికీ తెలియదు.

అమెరికా జాతీయ ప్రమాణాల, సాంకేతిక సంస్థ 2019 డిసెంబరులో వెలువరించిన అధ్యయనం 99 సంస్థలు రూపొందించిన 189 ముఖగుర్తింపు పద్ధతులను పరీక్షించింది. 84.9 లక్షల మందికి చెందిన 1.82 కోట్లకు పైగా చిత్రాలను ఉపయోగించింది. ఒకరిని ఒకరితో పోల్చే పద్ధతులలో ఆఫ్రికన్, ఆసియా ముఖాల విషయంలో కానివ్యక్తిని ఔననే పొరపాటు, పద్ధతిని బట్టి, పదిరెట్ల నుంచి వందరెట్ల వరకు ఎక్కువగా ఉన్నట్లు గుర్తించింది. స్త్రీల విషయంలోను ఈ పొరపాటు పురుషుల కంటె అధికంగా కనిపించింది. అన్ని పద్ధతులూ ఒకేలా లేవని, కొన్నింటిలో ఈ తేడా స్వల్పమని కూడా ఆ అధ్యయనం పేర్కొన్నది.

ఈ ఫలితాన్ని వరుసలో నిలిపివేయబడే ఇబ్బందిగా మాత్రమే అర్థం చేసుకోవడం అసంపూర్ణం. కానివ్యక్తిని ఔననడమంటే ఒకరి పాస్‌పోర్టుతో మరొకరు దాటిపోయే అవకాశం. అది ఎక్కువగా ఉన్న జనసమూహాల పాస్‌పోర్టులకు యంత్రం ఇచ్చే రక్షణ తక్కువ. భద్రత పేరిట నెలకొల్పిన యంత్రం అందరికీ సమానమైన భద్రతను ఇవ్వడం లేదన్నమాట.

వేలిముద్రల విషయంలో మరొక అసమానత ఉంది. సిమెంటు, ఇటుక, రాయి, రసాయనాలతో ఏళ్ళ తరబడి పనిచేసినవారి వేలిచర్మపు గీతలు అరిగిపోతాయి. యంత్రం వాటిని సరిగా చదవలేదు. ఏ శ్రమకోసం ఒక మనిషి సరిహద్దు దాటుతున్నాడో, ఆ శ్రమే తరువాతి ప్రయాణంలో అతని గుర్తింపును సందేహంలో పడవేయవచ్చు. ఉత్తర తెలంగాణ జిల్లాల నుంచి, గోదావరి, కడప ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్ళే కార్మికుల జీవితానికి ఈ విషయం దూరమైనది కాదు.

9. శంషాబాద్ సందర్భం

భారత హోమ్ శాఖ 2024 జూన్ 22న ఢిల్లీ విమానాశ్రయంలో విశ్వసనీయ ప్రయాణికుల పథకం కింద స్వయంచాలక ద్వారాలను ప్రారంభించింది. 2025 జనవరి 16న ముంబయి, చెన్నై, కోల్‌కతా, బెంగళూరు, కొచ్చి, అహ్మదాబాద్‌లతో పాటు హైదరాబాదు విమానాశ్రయానికీ విస్తరించింది. భారత పౌరులు, విదేశీ భారతీయ పౌరసత్వ కార్డు గలవారు ముందుగా నమోదు చేసుకొని, వేలిముద్రలు, ముఖచిత్రం సమర్పించి ఈ ద్వారాలను ఉపయోగించవచ్చు.

ఈ పథకం ప్రస్తుతం బ్రిటన్, అమెరికాల తొలిదశను పోలినది. నమోదు స్వచ్ఛందం, వాడేవారు పరిమితం, పక్కనే అధికారుల బల్లలు ఉన్నాయి. ఇతర దేశాల చరిత్ర సూచిస్తున్న ప్రమాదం ఈ దశలో లేదు. ద్వారాలు విజయవంతమైన తరువాత, వాటిని చూపి బల్లల సంఖ్యను తగ్గించే దశలో ఉంది. అప్పుడు ఒక రాత్రి నెట్‌వర్క్ ఆగితే వేచి ఉండవలసినవారిలో అమెరికా నుంచి సెలవులకు వచ్చిన ఇంజనీరు ఉంటాడు, దుబాయి నుంచి రెండేళ్ళకొకసారి వచ్చే తాపీమేస్త్రీ ఉంటాడు. మొదటివానికి ఆ ద్వారంతో పరిచయం ఉంటుంది. రెండవవాడు నిలబడేది ఎప్పటివలెనే బల్ల ముందు. బల్లల సంఖ్యపై తీసుకునే నిర్ణయం అతని మీదనే ఎక్కువ భారం మోపుతుంది.

10. ముగింపు

పై పరిశీలన నుంచి కొన్ని నిర్ధారణలు చేయవచ్చు.

- 2007 నాటి లాస్ ఏంజిలిస్ మొదలు 2024 నాటి బ్రిటన్ వరకు ప్రధాన వైఫల్యాలు పాస్‌పోర్టును చదవడంలో జరిగినవి కావు. కేంద్ర సమాచారనిధితో సంబంధం తెగడం వల్ల, లేదా ఆ కేంద్రమే భారాన్ని తట్టుకోలేకపోవడం వల్ల జరిగినవి.

- ఏకీకరణ పెరిగినకొద్దీ వైఫల్యం ఒక విమానాశ్రయం నుంచి దేశమంతటికీ విస్తరించింది. మనిషి అదే కేంద్రంపై ఆధారపడినందువల్ల నిజమైన ప్రత్యామ్నాయంగా నిలవలేకపోయాడు.

- 2011 నాటి బ్రిటన్ ఉదంతం తరువాత తనిఖీని సడలించడం పదవికి ముప్పుగా, ద్వారాన్ని మూసి ఉంచడం క్షేమంగా స్థిరపడింది. భద్రతకు భంగం కలగలేదన్న వాక్యం ఈ ఎంపిక ఫలితం.

- తెరవడం, మూయడం అన్న రెండింటికీ నడుమ మూడవ మార్గం ఉంది. అది నిదానించే వైఫల్యం. కేంద్రం పలకకపోయినా పనిచేసే స్థానిక జాబితా, దానిని వాడడంలో తరచు సాధన చేసిన సిబ్బంది, ఏ తనిఖీని ఎవరి ఆజ్ఞతో ఎంతసేపు సడలించవచ్చో నిర్దేశించే స్పష్టమైన ఉత్తర్వు దీనికి అవసరం. 2012 బ్రిటన్ నివేదిక, 2017 అమెరికా నివేదిక వేర్వేరు మాటలలో చూపినది ఈ ఏర్పాట్ల కొరతనే.

- నిరీక్షణ అందరిపై సమానంగా పడదు. ద్వారానికి అర్హత లేనివారు, వేలిముద్రలు అరిగినవారు, ముఖాన్ని యంత్రం తక్కువ నమ్మకంతో పోల్చేవారు దానిలో ఎక్కువ వాటాను మోస్తారు.

పాస్‌పోర్టు చరిత్రను రాసేవారు ఇంతవరకు ఆ పత్రం ఎవరిని ఆపుతుందన్న విషయంపై దృష్టి నిలిపారు. ఎంతసేపు ఆపుతుందన్నదీ అంతే ముఖ్యమైన చారిత్రక ప్రశ్న. యంత్రం ఆగిన రాత్రులలో దానికి సమాధానం దొరుకుతుంది. ఏ విమానాశ్రయంలో ఎన్ని బల్లలు తెరిచి ఉన్నాయన్న లెక్క, ఆ దేశం ఎవరి కాలానికి ఎంత విలువ ఇస్తున్నదో తెలిపే చారిత్రక ఆధారం.